ఖాళీ బండి ఫోటోలు

భిలాయిలో నందిని రోడ్డు మీద నాకో లారీ కాటా ఉంది. బోర్డు మీద వే బ్రిడ్జి అని రాయించాను గానీ డ్రైవర్లందరూ ధరమ్ కాంటా అనే అంటారు. ఇనప తుక్కు, సున్నపురాయి, వడ్లు, ఏ సరుకైనా సరే ముందు నిండు బండి పలక ఎక్కుతుంది. సరుకు దింపి వచ్చి ఖాళీ బండి మళ్ళీ ఎక్కుతుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మిగిలింది సరుకు. రెండో తరగతి పిల్లాడు చేసే లెక్క. ఈ లెక్కలో దొంగతనం చేయాలని చూడని పెద్దమనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఎలా చేస్తారంటే, నిండు బండి తూచేటప్పుడు డ్రైవరూ ఇద్దరు హమాలీలూ క్యాబిన్లోనే కూర్చుంటారు. ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోతారు. ముగ్గురు మనుషులు కలిసి రెండు వందల కేజీలు. అంటే ముగ్గురు మనుషుల్ని ఇనుము కింద అమ్మేస్తారన్నమాట. ఇంత చవక ఎత్తు వేసి, దాన్ని తెలివి అనుకుని, సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాలకు చెప్పుకునే జాతి ఇది. అందుకని నా కాటా మీద ఒకటే రూలు. నిండు బండి అయినా ఖాళీ బండి అయినా క్యాబిన్లో మనిషి ఉండకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఈ రూలు సడలలేదు గనకే చుట్టుపక్కల రోలింగు మిల్లుల వాళ్ళు నా చీటీ వస్తే మళ్ళీ తూచరు. నా ఆస్తి ఆ చీటీయే. ఇనప పలక, కంప్యూటరు ఎవడైనా కొనుక్కోవచ్చు.

కాటా మీద కూర్చునేవాడు నా మేనల్లుడు చిట్టిబాబు, మా గున్నమ్మ అప్ప కొడుకు. టెక్కలి పక్కన ఊళ్ళో ఇంటరు తప్పి తిరుగుతుంటే పదేళ్ళ క్రితం అప్ప వాణ్ణి రైలెక్కించి నా దగ్గరికి పంపింది.

"ఒరే త్రినాథా, ఈడికి ఎవరేటి సెప్పినా ఊఁ అంతాడు. ఊరోల్లు సెప్పే మాటలకి ఊఁ అనీ కన్నా నీ మాటకి అంతే బాగుపడతాడు. నీకాడే ఉంచుకో" అంది ఫోన్లో.

ఆ గుణం నాకు బాగా పనికొచ్చింది. ఎదురు చెప్పడు, సెలవడగడు, మధ్యాహ్నం అన్నం బల్ల దగ్గరే తింటాడు. అంకె మాత్రం అంకెలాగే రాస్తాడు. నేను లేనప్పుడు డ్రైవర్లు గుట్కా పొట్లం దగ్గర్నుంచి పెళ్ళి భోజనం దాకా ఎర చూపించారు. దేనికీ లొంగలేదు. వాడు ఊఁ అనేది నాకొక్కడికే అని నేననుకున్నాను. వ్యాపారంలో నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

మూడేళ్ళ క్రితం స్మృతి నగర్ లక్ష్మీప్రసాద్ కూతురు సాయిప్రియతో వాడి పెళ్ళి చేశాను. లక్ష్మీప్రసాద్ విజయనగరం వైపు మనిషి, ఇక్కడ తుక్కు వ్యాపారం. ఇంటి ముందంతా పాలరాయి, పెరటి నిండా తుప్పు. వచ్చినవాళ్ళకి పాలరాయే చూపిస్తాడు. రెండు లారీలున్నాయి. అప్పటిదాకా ఆ లారీలు వేరే కాటాకు పోయేవి, పెళ్ళయ్యాక నా కాటాకు వచ్చాయి. సంబంధం కుదిర్చేటప్పుడు నేను వేసుకున్న లెక్క అది, దాచుకోవడం దేనికి. ఆయన కూడా ఒక లెక్క వేసుకున్నాడనీ, అది నా లెక్క కన్నా ఓపికైనదనీ తర్వాత తెలిసింది. వరసకి మేమిద్దరం చిట్టిబాబుకు మామలమే. నన్ను మావా అంటాడు, ఆయన్ని మావయ్యగారూ అంటాడు.

కిందటి దసరాకి సాయిప్రియ పుట్టింట్లో మగపిల్లాణ్ణి కంది. మూడో నెలలో తల్లినీ బిడ్డనీ పంపడం మా వాళ్ళ ఆనవాయితీ. మూడో నెల వచ్చేసరికి పుష్యమాసం, శూన్యమాసంలో పంపకూడదన్నాడు లక్ష్మీప్రసాద్. సరే, నిజమే. మాఘం రాగానే మూఢం అన్నాడు. మూఢం పోయాక పిల్లాడి నక్షత్రానికి రోజు కుదరడం లేదన్నాడు. తుక్కు కొనేటప్పుడు కిలోకు వంద గ్రాములు తరుగు పట్టే మనిషికి పంచాంగం మీద అంత భక్తి ఎప్పుడు పుట్టిందో నేను ఆలోచించాల్సింది. కానీ అప్పుడు నా మోకాలికి ఆపరేషనైంది. రెండు నెలలు మంచం మీద ఉన్నాను. కాటా మొత్తం చిట్టిబాబు చేతిలో ఉంది.

కర్ర పట్టుకుని నేను మళ్ళీ కాటాకు వచ్చిన రోజే మనోజ్‌కుమార్ వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రోలింగు మిల్లుకు కొనుగోళ్ళ మేనేజరు. తండ్రి స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు, ఇతను సెక్టారు క్వార్టర్లో పుట్టి పెరిగాడు, తెలుగు మాట్లాడితే సగం హిందీ ఉంటుంది. లక్ష్మీప్రసాద్ తుక్కు కొనేది ఈ మిల్లే. వచ్చీ రాగానే చీటీల కట్ట నా బల్ల మీద పడేశాడు.

"అంకుల్, ఆప్ హీ దేఖో. ఒక్కో ఫోటోలో ముగ్గురు బైఠకే ఉన్నారు."

కిందటి ఏడు మిల్లులవాళ్ళే అడిగితే కెమెరా పెట్టించాను. నిండు బండి ఫోటో చీటీ మీద అచ్చవుతుంది, అది బండితోపాటు మిల్లుకు పోతుంది. ఖాళీ బండి ఫోటో కంప్యూటర్లోనే ఉండిపోతుంది. చివరి చీటీ మీద అంకెలే పడతాయి. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. ముప్పై ఒక్క చీటీలు. అన్నీ లక్ష్మీప్రసాద్ లారీలవే. అన్నిట్లోనూ అద్దం వెనక మూడు తలకాయలు, పెళ్ళి ఫోటోకి కూర్చున్నట్టు.

"ఒక్కొక్క బండికి దో సౌ కేజీ చోరీ. ఘర్‌వాలా మామలా, నాకు తెలుసు. మీ అల్లుడు, వాళ్ళ ససుర్ లక్ష్మీప్రసాద్" అన్నాడు మనోజ్. "మా సేఠ్‌కి చెప్పేశాను. రేపు గ్యారా బజే ఆ లక్ష్మీప్రసాద్‌ని ఇక్కడికి పిలవండి. మా బండ్లు ఇక మీ కాటాకి రావు అంకుల్. మిగతా మిల్లులకి కూడా చెప్పాలి కదా, మేరీ డ్యూటీ."

డ్యూటీ అన్నప్పుడు అతని మొహంలో ఉన్న సంతోషం చూడాలి. మూడేళ్ళుగా ఆ మిల్లులో పనిచేస్తూ ఒక్క దొంగనీ పట్టలేకపోయినవాడికి ఒకేసారి ముప్పై ఒక్క దొంగతనాలు దొరికాయి.

అతను వెళ్ళగానే చిట్టిబాబుని లోపలికి పిలిచాను.

"ఏట్రా ఇది?"

చీటీలు చూశాడు. మొహం కొంచెం కూడా మారలేదు.

"మావా, ఒక్క కేజీ కూడా ఎవులూ నష్టపోనేదు."

"కళ్ళు కనబడుతున్నాయా నీకు? మూడు తలకాయలు."

"కనబడతన్నాయి. ఓపాలి ఇలాగ రా."

కంప్యూటరు నా వైపు తిప్పి ఖాళీ బండి ఫోటోలు ఒక్కొక్కటీ తెరిచాడు. అద్దం వెనక మూడు తలకాయలు. ఆ తర్వాతి బండి, మూడు. ఆ తర్వాతిది, మూడు. నిండు బండిలో ఎవరెవరు ఎక్కారో ఖాళీ బండిలోనూ వాళ్ళే కూర్చుని ఉన్నారు. పదకొండో బండి ఖాళీ ఫోటోలో మధ్యలో ఉన్న తల చిట్టిబాబుది.

"ఇదెవడ్రా?"

"నేనే. ఆ రోజు ఒక హమాలీ మిల్లు కాడ ఉండిపోనాడు. రెండు తలకాయలే తిరిగొచ్చినాయి. మరి లెక్క తప్పుతాది కదా. టీకొట్టు ఛాయ దీదీకి ఏ మీట నొక్కాలో సెప్పి నేను ఎక్కేసినాను."

"నీ బరువూ వాడి బరువూ ఒకటేనా?"

"ఆడు ముందే పలకెక్కి తూసుకున్నాడు. నాకన్నా ఐదు కేజీలు ఎక్కువ. రెండు ఇటికెలు పట్టుకుని ఎక్కినాను."

నవ్వు వచ్చింది. జరిగిందేమిటో అప్పటికి పూర్తిగా అర్థమైంది, అయినా వాడి నోటితో వినాలనిపించింది.

"మీ మావయ్యగారు ఏమన్నాడు?"

"నిండు బండికి మనుషుల్ని కూకోనీ, ఖాళీ బండికి దింపేయి అన్నారు. ఆలోసించుకో అల్లుడూ, ఈలోగా నేను మంచిరోజు సూస్తాను అన్నారు."

"నువ్వు ఊఁ అన్నావు."

"అన్నాను. నిండు బండికి కూకోబెట్టినాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కదా మావా."

"మరి ఖాళీ బండికి?"

"దింపనేదు. నీ కాటా కదా."

ఇలాంటి మనిషిని ఏ ఖాతాలో వెయ్యాలి? మామగారి కోసం దొంగతనం చేసుంటే ఆ రోజే బయటికి గెంటి, పోనీ పెళ్ళాం కోసం తెగించాడురా అనుకునేవాణ్ణి. మామగారికి ఎదురు చెప్పుంటే భుజం తట్టేవాణ్ణి. వీడు ఇద్దరికీ దణ్ణం పెట్టి, ఇద్దరినీ మోసం చేసి, మధ్యలో తూకం మాత్రం కిలోకి కిలో సరిపెట్టాడు. చేతిలో ఇటికెలు పట్టుకుని మరీ సరిపెట్టాడు. ఇంత జాగ్రత్త, ఇంత శ్రమ దేనికి? ఒక్క మనిషి మొహం మీద ఒక్కసారి కాదు అని అనలేక.

"నాకెందుకు చెప్పలేదురా?"

"సెప్తే నువ్వు ఆయన్తో గొడవ పెడతావు. గొడవైతే సాయిని పంపరు."

"ఇప్పుడు పంపుతున్నారా?"

"గురువారం మంచిరోజు దొరికింది మావా. నిన్ననే ఫోన్ సేసినారు." మౌసు వదిలేసి నా వైపు తిరిగాడు. "బాబుకి ఐదో నెల వచ్చీసింది. నేను ఆణ్ణి ఎత్తుకుంది రెండుసార్లే. ఈ ఖాళీ బండి ఫోటోలు రేపు సూపించకు మావా. గురువారం దాకా ఆగు."

"చూపించకపోతే నువ్వు దొంగవి."

"అవనీ. ఆయన కోసం దొంగనైపోనానంటే మావయ్యగారు సంతోషిస్తారు. పంపించేస్తారు. ఈ ఫోటోలు సూస్తే ఆయన్ని ఎర్రోణ్ణి సేసినానని తెలిసిపోద్ది. ఇంక జన్మలో పంపరు."

"నా చీటీ సంగతి?"

బల్ల మీది చీటీలన్నీ సర్ది కట్ట కట్టాడు.

"నువ్వు పెద్దోడివి. నీకు మళ్ళీ పేరొస్తాది" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు పట్టింది నాకు ఆ పేరు రావడానికి. వాడు దాన్ని గురువారం దాకా చేబదులు అడిగాడు.

మర్నాడు పదకొండింటికి లక్ష్మీప్రసాద్ తెల్ల కారులో దిగాడు. మొహాన గంధం, చేతికి లావుపాటి కడియం, ఒక మిఠాయి పెట్టె. దొంగతనం పంచాయితీకి మిఠాయి తెచ్చిన మనిషిని ఆయన్నే చూశాను. వరసకి మేం అన్నదమ్ములం గనక నన్ను అన్నయ్యగారూ అంటాడు.

"అన్నయ్యగారూ, కాలెలాగుంది? కుర్రోడేదో మా మీద ప్రేమ కొద్దీ సేసేసినాడు. మీరు పెద్దలు, మనసులో పెట్టుకోకండి" అని అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేయడంలో గర్వం ఉంది. తనకోసం ఒకడు దొంగైపోయాడన్న గర్వం. చిట్టిబాబు తల వంచుకుని పెళ్ళికూతురిలా నిలబడ్డాడు.

మనోజ్ నోటుబుక్కు తీశాడు. "భయ్యా, ముప్పై ఒక్క బండ్లకి దో దో సౌ కేజీ కట్ చేస్తున్నాను. ఇక ముందు కూడా ప్రతి బండికి కట్."

"చేసుకో భయ్యా. ఈ లైన్లో ఎవడు చెయ్యనేదు?" అన్నాడు లక్ష్మీప్రసాద్, టీ తెమ్మన్నంత తేలిగ్గా. తర్వాతి బేరంలోనే ఆ రెండు వందల కేజీలు మళ్ళీ ఎలా లాగాలో ఆయనకు తెలుసు. అయిదు నిమిషాల్లో వాళ్ళిద్దరూ రాజీకొచ్చేశారు. మిఠాయి పెట్టె తెరిచారు. మనోజ్ నోట్లో బర్ఫీ పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"అంకుల్, మీ కాటా మాకు బంద్. బురా మత్ మానియే. ఆపరేటర్ని కూడా తీసేయండి, నామ్ కే వాస్తే, పేరుకి. తర్వాత పెట్టుకోండి."

నేను లెక్క చూసుకున్నాను. జరగని దొంగతనం వల్ల మనోజ్‌కు మిల్లులో పేరు వచ్చింది. లక్ష్మీప్రసాద్‌కు అల్లుడు లొంగాడన్న తృప్తి వచ్చింది. చిట్టిబాబుకు పెళ్ళాం బిడ్డా వస్తారు. ముగ్గురూ లాభంలో ఉన్నారు. ఏ తప్పూ చేయకుండా మంచం మీద పడుకున్న నేనొక్కణ్ణే నష్టంలో ఉన్నాను. అందులోనూ వాళ్ళ బర్ఫీ నా బల్ల మీదే తింటున్నారు.

చిట్టిబాబు నా వైపు చూస్తున్నాడు. వాడు ఏం అడుగుతున్నాడో తెలుసు. మా అప్ప మొహం కూడా ఒక్కసారి కళ్ళముందు కదిలింది. అయినా కంప్యూటరు వాళ్ళవైపు తిప్పాను.

"తినండి, తింటూ ఇవి కూడా చూడండి. ఖాళీ బండి ఫోటోలు."

మనోజ్ ముందు అర్థం చేసుకున్నాడు. నాలుగో ఫోటో దగ్గర నమలడం ఆపేశాడు. వేలితో తలకాయలు లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"అంకుల్, మతలబ్... చోరీ హుయీ హీ నహీ?"

"కాలేదు. నీ ముప్పై ఒక్క బండ్లూ సరైన తూకమే. నా చీటీ చీటీయే."

"అరే అంకుల్, ఇది ఇప్పుడు ఎందుకు చూపిస్తున్నారు? సేఠ్‌కి నేను చోరీ పట్టుకున్నానని చెప్పేశాను. రిపోర్టు కూడా ఇచ్చేశాను. ఇప్పుడు వెళ్ళి చోరీ లేదు అంటే నా ఇజ్జత్ ఏం కావాలి? రహనే దీజియే, వదిలేయండి."

లక్ష్మీప్రసాద్‌కు కొంచెం ఆలస్యమైంది. ఆయన అంకెల మనిషే గానీ తనకు రావాల్సిన అంకెలకే అలవాటు పడ్డాడు.

"అంటే నాకు రానేదా?" అన్నాడు. "ఒక్క బండికి కూడా?"

"ఒక్క కేజీ కూడా రాలేదు" అన్నాను.

"రెండు నెల్లు?" కడియం ఉన్న చెయ్యి అల్లుడి భుజం మీంచి తీసేశాడు. "ఒరే, రెండు నెల్లనించి నాకు ఫోన్ చేసి, అయిపోనాది మావయ్యగారూ, కూకోబెట్టినాను మావయ్యగారూ అన్నావు కదరా!"

"కూకోబెట్టినాను మావయ్యగారూ" అన్నాడు చిట్టిబాబు నెమ్మదిగా. "ఆ మాట అబద్ధం కాదు."

"నా బండి మీద నా మనుషుల్నే ఎక్కించి నన్నే ఎర్రోణ్ణి సేసినావా? ఈ ఫోటోలో నువ్వు కూడా ఎక్కి కూకున్నావేటి? చేతిలో ఏటవి?"

"ఇటికెలు."

మనోజ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుతో లక్ష్మీప్రసాద్ మొహం నల్లబడింది. కుర్చీ నా దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"అన్నయ్యగారూ, మనలో మాట. ఇది బయటికి పోకూడదు. దొంగ అన్నా నాకేటీ పోదు, ఈ ఊళ్ళో తుక్కు యాపారం సేసినోడ్ని అందరూ అంతారు. అల్లుడు ఎర్రోణ్ణి సేసినాడని తెలిస్తే రేపొద్దున్న హమాలీ కూడా నా మాట వినడు. ఆ ఫోటోలు చెరిపీయండి. మనోజ్ బాబుని నేను సూసుకుంటాను. మీ కాటా మీదికే బండ్లు పంపిస్తారు, కదా భయ్యా?"

"జరూర్, జరూర్. ఒక నెల ఆగి పంపిస్తాం" అన్నాడు మనోజ్.

"చెరిపీ మావా" అన్నాడు చిట్టిబాబు కూడా.

నా ఎదురుగా ముగ్గురూ చేరి, దయచేసి మమ్మల్ని దొంగలుగానే ఉండనివ్వండి అని బతిమాలారు. ఒకడికి దొంగని పట్టిన పేరు కావాలి, ఒకడికి దొంగన్న పేరే మర్యాదగా ఉంది, ఒకడికి దొంగతనమే కాపురం నిలబెడుతుంది. వీళ్ళకి నిజాయితీ అంటే నేరం మోపినట్టు ఉంది. నాకు నిజాయితీ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. అది నా సరుకు, అమ్ముకుని బతుకుతున్నాను. సరుకు చెడిపోయిందని ఊరంతా అనుకున్నాక ఒక నెల ఆగి ఎవడు కొంటాడు?

ముప్పై ఒక్క ఫోటోలూ అచ్చు తీయించి, నిండు బండి చీటీలకు జత చేసి, ఆ మధ్యాహ్నమే మిల్లు సేఠ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన పెద్దాయన, మాట తక్కువ. నాలుగు జతలు చూసి అయిదోదాని దగ్గర ఆగాడు. ఆపరేటరు ఎందుకిలా చేశాడని అడిగాడు. రెండు వైపులా ఊఁ అన్నాడండి అన్నాను. తల ఊపి, ఇలాంటివాడు నా దగ్గర కూడా ఒకడుండాలి అన్నాడు. మిల్లు బండ్లు మర్నాటి నుంచి యథాప్రకారం వచ్చాయి. మనోజ్ మాత్రం నాకు నమస్కారం మానేశాడు.

లక్ష్మీప్రసాద్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, గురువారం మంచిది కాదని తేలిందనీ, ఏడాది దాకా మంచిరోజుల్లేవనీ చెప్పాడు. లారీలు మాత్రం నా కాటాకే పంపిస్తున్నాడు. మిల్లువాడు నమ్మేది నా చీటీనే కదా. కూతురి విషయంలో చూపించిన పౌరుషం బండ్ల విషయంలో చూపించలేదు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి కాటా ముందు ఆటో ఆగింది. సాయిప్రియ దిగింది. చంకలో పిల్లాడు, భుజాన సంచి. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, కోపమొస్తే తెలుగు తగ్గిపోతుంది.

"పెదనాన్నగారూ, ఈయనెక్కడ?"

"లోపలున్నాడు. మీ నాన్న పంపించాడా అమ్మా?"

"డాడీ బాత్రూంలో ఉన్నారు. నేను వచ్చేశాను."

చిట్టిబాబు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చాడు. చేతులు చాచాడు గానీ ఆమె పిల్లాణ్ణి ఇవ్వలేదు.

"పహలే మేరీ బాత్ సునో" అంది. "నువ్వు డాడీకి చెప్పలేదు, పెదనాన్నగారికి చెప్పలేదు. మరి నాకెందుకు చెప్పలేదు? రోజూ రెండుసార్లు ఫోన్ చేసేవాడివి. అన్నం తిన్నావా, బాబు పడుకున్నాడా, ఇంతే. డాడీ నన్ను పెట్టుకుని నీతో బేరం చేస్తున్నాడని నాకొక్క మాట చెప్పుంటే అదే రోజు సంచి సర్దుకుని వచ్చేసేదాన్ని."

"నువ్వు బాధపడతావని..."

"అందరూ బాధపడకుండా చూస్తావు, హై నా? సుపేలాలో మా ఫ్రెండ్ కృష్ణప్రియ వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది. మాట్లాడేశాను. డాడీ ఇల్లు కాదు, పెదనాన్నగారి ఇల్లు కాదు. నేను ట్యూషన్లు చెప్పుకుంటాను. నువ్వు ఈ కాటా మానేయాలి. మానకపోతే రోజూ డాడీ బండ్లే తూస్తావు, రోజూ డాడీ ఫోన్ చేస్తారు, నువ్వు రోజూ ఊఁ అంటావు. వేరే పని చూసుకో. ఏ పనైనా సరే. వస్తావా? అభీ బోలో. ఆటో ఆపే ఉంచాను."

చిట్టిబాబు పిల్లాడి కాలి మీంచి జారిన గుడ్డ సర్ది, ఆ చిన్న పాదాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు పదేళ్ళుగా తెలుసు. ఏం చెయ్యమంటావు మావా అని. నేను వెళ్ళరా అంటే వెళ్ళిపోతాడు, వెనక్కి కూడా చూడడు. ఒక్క మాట. వరసకి మామని, తండ్రి లేనివాడికి తండ్రి చోట ఉన్నవాణ్ణి, ఆ మాట నేనే అనాలి.

నేను వాడి వైపు చూస్తూ వేరే సంగతి ఆలోచించాను. పెళ్ళాన్నీ బిడ్డనీ దూరంగా ఉంచి మామగారు రెండు నెలలు మెడ మీద కూర్చున్నా ఒక్క కేజీ అటూ ఇటూ కానివ్వలేదు వీడు. భిలాయి, దుర్గ్ కలిపి వెతికినా ఇలాంటి ఆపరేటరు నాకు దొరకడు. మోకాలు ఒకటే బాగుపడింది, రెండోదానికి వచ్చే ఏడు ఆపరేషను. ఇదంతా ఎంతసేపు ఆలోచించానో చెప్పలేను. పలక మీద వడ్ల లారీ ఎక్కి హారన్ కొడుతోంది. నేను ఆ లారీ వైపు తిరిగి, ఆగమని డ్రైవరుకు చెయ్యి చూపించాను.

"సాయీ" అన్నాడు వాడు వెనక నుంచి. "సాయంత్రం మావయ్యగార్తో ఓపాలి నెమ్మదిగా మాట్లాడి, మావకి కూడా ఇబ్బంది కాకుండా, ఎవరికీ కోపం రాకుండా..."

ఆమె మొత్తం వినలేదు. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు, నేనింకా లారీ వైపే చూస్తున్నాను. పిల్లాడి పాదం వాడి చేతిలోంచి లాక్కున్నట్టు గాజుల చప్పుడు మాత్రం వినిపించింది.

"చలో భయ్యా, సుపేలా" అంది ఆటో అతనితో.

ఆటో రోడ్డెక్కి లారీల మధ్య కలిసిపోయేదాకా చిట్టిబాబు అక్కడే చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. వెనకాల పరుగెత్తుతాడేమోనని చూశాను. పరుగెత్తలేదు. వడ్ల లారీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. నేను లోపలికి రమ్మని పిలిచాను. ఒక్కసారే పిలిచాను. వచ్చేశాడు.